జాగ్రత్తమ్మ కొట్టిన దెబ్బ

తోళ్ళ ఫ్యాక్టరీలో అందరూ ఆమెను జాగ్రత్తమ్మ అనేవారు. నోరు విప్పితే ముందు ఆ మాటే వచ్చేది. తడి నేల, జాగ్రత్త. సున్నం నీళ్ళు, కళ్ళు జాగ్రత్త. డ్రమ్ము తిరుగుతోంది, కొంగు జాగ్రత్త. చెవిలో జోరీగలా ఆ గొంతు షెడ్డంతా తిరుగుతూనే ఉండేది. ఆమె అటు తిరగగానే ఎవడో ఒకడు సన్నగా గొంతు మార్చి, "నాయనా, ఊపిరి పీలుస్తున్నావు, జాగ్రత్త!" అనేవాడు. షెడ్డంతా ఘొల్లుమనేది.

ఆమె కూడా ఒకప్పుడు తోళ్ళ అంచులు కోసిన మనిషే. తనిఖీకి వచ్చిన అధికారులు, కార్మికులకు ప్రమాదాల గురించి పాఠాలు చెప్పే మనిషి ఒకరు ఉండి తీరాలన్నారు. గొంతు పెద్దదీ, మొహమాటం లేనిదీ, నాలుగు అక్షరాలు వచ్చినదీ ఎవరా అని కంపెనీవాళ్ళు వెతికితే ఈమె దొరికింది. ఎక్కడికో పంపి శిక్షణ ఇప్పించి తెచ్చారు. అప్పటి నుంచి వారానికోసారి ఉప్పు గోదాములో పాఠం. ఉప్పు బస్తాల మీద కూర్చుని వినేవాళ్ళలో ఆమె భర్త ఉండేవాడు, తోళ్ళు వేసి తిప్పే డ్రమ్ముల దగ్గర పని. ఆమె తమ్ముడు ఉండేవాడు, యార్డు కడిగే పని. సన్నగా ఉంటాడని, నోరు మూత పడదని తమ్ముణ్ణి అందరూ పిచ్చుక అనేవారు. ఆమె గొంతును అనుకరించేవాళ్ళలో వాడిదే పైచేయి.

యార్డు మధ్యలో, ఇనప మూత కింద, ఒక గుంట ఉండేది. తోళ్ళు కడిగిన నీళ్ళన్నీ అందులోకే పోతాయి. వెంట్రుకలు, మాంసం తునకలు అడ్డుపడి అందులోని పంపు ఆగిపోతుంటుంది. అలా ఆగిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు నిచ్చెన పట్టుకుని దిగి తీయాలి. జాగ్రత్తమ్మ అన్నిటికంటే ఎక్కువ పాఠాలు చెప్పింది ఆ గుంట గురించే.

"గుంటలోని విషపు గ్యాసుకు కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది చూడండి, అది వస్తున్నంతసేపూ మీరు బతికున్నట్టు లెక్క. ఉన్నట్టుండి వాసన ఆగిపోయిందా, గాలి బాగుపడిందని సంబరపడకండి. మీ ముక్కు చచ్చిందని అర్థం. దాని వెనకాలే మీరూను. ముందు బ్లోయరు పెట్టి గాలి ఊదాలి, గ్యాసు మీటరు దింపి చూడాలి, నడుముకు తాడు కట్టాలి. అప్పుడే దిగాలి. దిగినవాడు పడిపోతే వెనక ఇంకొకడు దిగకూడదు. ఎవరైనా సరే."

ఆమె భర్తకు ఇది మింగుడుపడలేదు. "కళ్ళ ముందు మనిషి పడిపోతే చేతులు కట్టుకుని చూస్తూ ఉండమంటావా?"

"చేతులు కట్టుకోవద్దు. పరిగెత్తి మాస్కూ సిలిండరూ తెండి. అవి తగిలించుకున్నవాళ్ళే దిగాలి."

"ఈలోగా వాడు పోతే?"

"ఒకడు పోతాడు. మీరు దిగితే ఇద్దరు."

పిచ్చుక మధ్యలో దూరాడు. "అక్కా, నేను పడితే మాత్రం బావనే పంపించు. డ్రమ్ము దిగి వచ్చిన ఆయన వాసనకి గ్యాసే గుంట వదిలి పారిపోతుంది."

అందరూ పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆ ఏడు వానలు ముసురుపట్టి వదల్లేదు. తోళ్ళు ఆరడం లేదు, అవతల సరుకు పంపాల్సిన గడువు మీద పడుతోంది. మేస్త్రీకి కాలు ఒకచోట నిలవడం లేదు. గుంట దగ్గర ఉండాల్సిన బ్లోయరును ఆరబెట్టే గదిలోకి ఈడ్పించి తోళ్ళ మీదకు తిప్పాడు. జాగ్రత్తమ్మ అడ్డం పడింది. "నాకు నీ పాఠాలొద్దమ్మా, సరుకు కావాలి" అన్నాడు. ఆమె ఆఫీసుకు వెళ్ళి చెప్పింది. చూద్దాం అన్నారు.

మర్నాడు పొద్దున పని మొదలైన కాసేపటికే పంపు ఆగింది. నల్లటి నీళ్ళు యార్డులోకి ఎగదన్నాయి. మేస్త్రీ పంపు తాతను పిలిచాడు. ఆ గుంటకూ పంపుకూ ఏళ్ళ తరబడి ఆ ముసలాయనే కాపు. పిచ్చుకకు పని నేర్పిందీ ఆయనే.

"బ్లోయరు తెప్పించండి, దిగుతా" అన్నాడు తాత.

"అది తీస్తే తోళ్ళకు బూజు పడుతుంది. నువ్వెన్నిసార్లు దిగలేదు? కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడతావేంటి? చిటికెలో పని."

తాత గొణుక్కుంటూ మూత జరిపి దిగాడు. మేస్త్రీ వేరే పని మీద వెళ్ళిపోయాడు.

జాగ్రత్తమ్మ అప్పుడు తోళ్ళు నానేసే సున్నం తొట్ల దగ్గర, కంట్లో సున్నం పడిన ఒక పిల్లకు తల వంచి పట్టుకుని కుళాయి కింద కన్ను కడుగుతోంది. బయట ఎవరో అరిచారు. ఆ అరుపులో మాట లేదు. దాని వెనక ఇంకొకరు, "పిచ్చుక పడిపోయాడ్రోయ్! తాత కోసం దిగి పడిపోయాడు!"

ఆ పిల్ల తలను పక్కనున్న ఆడమనిషి చేతుల్లో పెట్టి, "నీళ్ళు ఆపకు" అని చెప్పి, పరిగెత్తింది.

ఆమె యార్డులోకి వచ్చేసరికి గుంట చుట్టూ జనం మూగి ఉన్నారు. భర్త అప్పటికే బూట్లు విసిరేసి, ఒక కాలు నిచ్చెన మెట్టు మీద పెట్టాడు. ఆమె వెనక నుంచి కాలరు పట్టుకుని శక్తికొద్దీ లాగింది. అతను వెనక్కి కూడా చూడకుండా మోచేత్తో ఒక్క తోపు తోశాడు. ఆమె వెళ్ళి ఇనప మూత అంచు మీద పడింది. పై పన్ను విరిగింది. నోటి నిండా రక్తం.

"మీ తమ్ముడే లోపల! పిచ్చిదానివా?" అని అరుస్తూ అతను రెండో కాలు కూడా లోపల పెట్టాడు.

తోళ్ళు లాగే కొక్కెం కర్ర గోడకు ఆనించి ఉంది. ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తి, నిచ్చెన పట్టుకున్న అతని ముంజేతి మీద కొట్టింది. తడి కట్టె విరిచిన చప్పుడు వచ్చింది. అతను గావుకేక పెట్టి పక్కకు ఒరిగాడు. చొక్కా పట్టుకుని అతణ్ణి గుంటలోంచి బయటకు ఈడ్చింది. అతను బాగున్న చేత్తో ఆమె గొంతు పట్టుకున్నాడు. పీక నొక్కుకుపోతోంది, కళ్ళ ముందు మెరుపులు. ఆమె మోకాలు ఎత్తి అతని పొట్టలో పొడిచింది. మళ్ళీ పొడిచింది. చెయ్యి వదలగానే అతని ఛాతీ మీద ఎక్కి కూర్చుంది.

"చూస్తారేంటి? కూర్చోండి వీడి మీద!"

పెళ్ళైన నాటి నుంచి భర్తను ఏవండీ అనే తప్ప పిలిచి ఎరగని మనిషి. ఆ మాటకే నలుగురు కదిలారు. భుజాలు ఇద్దరు, కాళ్ళు ఇద్దరు పట్టుకుని కూర్చున్నారు. ఆమె లేచేసరికి డ్రమ్ముల దగ్గర పనిచేసే ఇంకొకడు గుంట వైపు వంగుతున్నాడు. కర్ర వాడి పిక్కల మీద పడింది. వాడు గెంతుకుంటూ వెనక్కి పోయాడు.

"గుంట దగ్గరకొచ్చినవాడి కాళ్ళు విరుగుతాయి! ఆఫీసు వెనక ఎర్ర పెట్టెలో మాస్కు ఉంది, తెండి! నువ్వు వెళ్ళి బ్లోయరు లాక్కురా, తోళ్ళు కుళ్ళిపోయినా సరే! తాడు, పెద్ద తాడు!"

వాళ్ళకు కాళ్ళూ చేతులూ ఆడాయి. ఎగతాళిగా విన్న పాఠం ఎక్కడో లోపల మిగిలే ఉందేమో, ఎవరు ఏం చెయ్యాలో మళ్ళీ చెప్పించుకోలేదు. సిలిండరు ఆమె వీపుకు ఎక్కించి ఒకామె పట్టీలు బిగించింది. జాగ్రత్తమ్మ నోట్లోని రక్తం ఉమ్మేసి, మాస్కు పెట్టుకుని, నడుముకు ఒక తాడు కట్టించుకుని, ఇంకో తాడు చేత్తో పట్టుకుని దిగింది. పైన బ్లోయరు గొట్టాన్ని గుంటలోకి వదులుతున్నారు.

మాస్కులో తన ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. మాస్కు లైటు వెలుగులో ముందు తాత కనిపించాడు. నిచ్చెన సగంలో ఆయన మోచెయ్యి మెట్టులో ఇరుక్కుపోయి, నడుము బెల్టు వాల్వు చక్రానికి తగులుకుని, చచ్చిన మేకలా వేలాడుతున్నాడు. ఆయన కింద, అడుగున, బురదలో తమ్ముడి వీపు. బోర్లా పడి ఉన్నాడు.

గుంట గొంతు ఇరుకు. సన్నటి తమ్ముడు తాత పక్క నుంచి జారి పడి ఉంటాడు కానీ, వీపు మీద సిలిండరుతో ఆమెకు ఆయన్ని దాటి దిగడానికి దారి లేదు.

ఆ క్షణంలో ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ముసలాయన మోచేతి మీద బూటు కాలితో ఒక్క తన్ను తంతే చాలు, చెయ్యి విరిగి, బరువుకు బెల్టు తెగి, జారి కింద పడతాడు. దారి ఖాళీ అవుతుంది. తమ్ముణ్ణి ముందు తీయొచ్చు. కాలు ఎత్తింది కూడా.

అప్పుడు తాత ఛాతీ కదిలింది. కొంచెం పైన ఉన్నాడు కాబట్టి ఆయనకు ఇంకా ఏదో గాలి అందుతోంది.

ఆమె కాలు దించి, రెండో తాడును ఆయన చంకల కిందుగా చుట్టి, ఇరుక్కున్న చేతిని మెలితిప్పి బయటకు లాగింది. మోచేతి కీలు తప్పడం చేతికి తెలిసింది. నడుముకున్న కత్తితో బెల్టు కోసి, తాడు గుంజి సైగ చేసింది. బస్తాను లాగినట్టు పైకి లాగారు. ఆయన కాళ్ళు ఆమె మాస్కుకు కొట్టుకుంటూ పైకి వెళ్ళాయి. తాడు మళ్ళీ కిందకు వచ్చేదాకా ఆమె నిచ్చెన పట్టుకుని కింద ఉన్న వీపునే చూస్తూ నిలబడింది. అది కదలలేదు.

దిగి తమ్ముణ్ణి తిప్పింది. నోరు, ముక్కు బురదతో నిండిపోయి ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. చిన్నప్పుడు ముఖం కడిగినట్టు అరచేత్తో తుడిచి, తాడు కట్టి పైకి పంపింది. సిలిండరు ఈల వేయడం మొదలుపెట్టింది. గాలి అయిపోవస్తోంది.

పైకి రాగానే మాస్కు పీకేసి తమ్ముడి మీద పడింది. వాడి ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. అరచేతుల కింద పక్కటెముక విరిగింది. ఆపలేదు. ఇంకోటి విరిగింది. వాడి నోట్లోంచి నల్లటి నురుగు వచ్చింది. తుడిచి మళ్ళీ నొక్కింది. అంబులెన్సు వచ్చింది. అందులోని మనిషి చెయ్యి పట్టి చూసి, "అమ్మా, ఇక చాలు" అన్నాడు. ఆమె అతణ్ణి తోసేసి నొక్కింది. ఇద్దరు కలిసి ఆమెను ఎత్తి పక్కన కూర్చోబెట్టాల్సి వచ్చింది. వాంతి చేసుకుంటున్న తాతను అంబులెన్సు ఎక్కించారు. పిచ్చుక మీద గుడ్డ కప్పారు.

సరిగ్గా అప్పుడే మేస్త్రీ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. వచ్చినవాడు నోరు మూసుకున్నా బాగుండేది.

"వీణ్ణెవడు దిగమన్నాడు? నేను ముసలాణ్ణే కదా దిగమంది!"

ఒక్క క్షణం ఎవరికీ ఆ మాట బుర్రకెక్కలేదు. ఎక్కాక, అతని మీద పడ్డవాళ్ళలో ముందు ఉన్నది జాగ్రత్తమ్మ భర్త. ఒక చెయ్యి వేలాడుతుంటే రెండో చేత్తో మేస్త్రీ జుట్టు దొరకబుచ్చుకున్నాడు. ఎవరో నోటి మీద గుద్దారు. ఎవరో నడుములో తన్నారు. కళ్ళజోడు కాళ్ళ కింద పొడైంది. సున్నం తొట్ల దగ్గర పనిచేసే ఆడవాళ్ళు చేతి తొడుగులు తీసి ముఖం మీద చెళ్ళుచెళ్ళున కొడుతున్నారు. అతణ్ణి తిరగేసి కాళ్ళు పట్టి గుంట వైపు ఈడుస్తున్నారు.

"దింపండ్రా వీణ్ణి! వీడి తోళ్ళు ఆరనీ! వీడూ పీల్చనీ ఆ గాలి!"

మేస్త్రీ గోళ్ళతో నేల గీరుతూ అరుస్తున్నాడు. అతని చెప్పు ఒకటి జారి గుంటలో పడింది. కింద బురదలో పడిన చప్పుడు అందరికీ వినిపించింది.

గుంట అంచున కూర్చున్న జాగ్రత్తమ్మ అంతా చూస్తూనే ఉంది. తొయ్యండి అన్న మాట ఆమె నాలుక చివర ఉంది. ఉత్తినే కాదు, నిజంగానే కోరుకుంది. ఇతను కింద పడి గిలగిల కొట్టుకోవాలని, నోట్లో బురద పోవాలని కోరుకుంది. అయినా లేచి, మేస్త్రీ కాళ్ళకూ గుంటకూ మధ్య నిలబడింది.

"తప్పుకో!" అన్నాడు భర్త. అతని ముఖం మనిషి ముఖంలా లేదు. "ఇందాక నన్ను ఆపావు. ఇప్పుడు కూడా ఆపుతావా? వీడి కోసమా?"

"వీడి కోసం కాదు. తోస్తే తొయ్యండి. తోశాక వీణ్ణి తీయడానికి ఎవరో ఒకళ్ళు దిగాలి. దిగేది నేనే. సిలిండర్లో గాలి లేదు." నోట్లోంచి రక్తం కారుతోంది. "తొయ్యండి మరి. ఆలోచించుకుని తొయ్యండి."

వాన పడుతూనే ఉంది. అందరి ఊపిర్లూ బుసబుసలాడుతున్నాయి. భర్త ఆమెనే చూస్తూ చాలాసేపు జుట్టు వదల్లేదు. తరువాత వదిలేశాడు. వదిలి అక్కడే బురదలో కూలబడి, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని బావురుమన్నాడు.

మేస్త్రీ మోకాళ్ళ మీద లేచి, "నీ రుణం తీర్చుకోలేనమ్మా" అన్నాడు. ఆమె పిడికిలి బిగించి అతని ముక్కు మీద గుద్దింది. ముక్కు పగిలింది. తరువాత పోలీసులు వాంగ్మూలం అడిగినప్పుడు ఆమె ఆ గుద్దు సంగతి కూడా దాచకుండా చెప్పింది.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో అమ్మ ఎదురుపడింది. అప్పటికే ఎవరో చెవిన వేశారు.

"నీ మొగుణ్ణి కొట్టి ఆపావట."

"అవునమ్మా."

"ముసలాణ్ణి ముందు తీశావట."

"దారిలో ఉన్నాడమ్మా."

అమ్మ ఆమె చెంప మీద కొట్టింది. విరిగిన పన్ను పెదవిలో దిగబడింది. మళ్ళీ కొట్టింది. తరువాత రెండు చేతులతో, ఎక్కడ పడితే అక్కడ, గోళ్ళతో, పిడికిళ్ళతో. "వాడు నీ ఒళ్ళో పెరిగాడే! వాడు నీకేమీ కాకుండా పోయాడటే!" నర్సులు పరిగెత్తుకొచ్చి పట్టుకునేదాకా జాగ్రత్తమ్మ చేతులు అడ్డం పెట్టుకోలేదు.

అంత్యక్రియలైపోయాయి. మేస్త్రీని జైల్లో పెట్టారు, యజమాని మీద కేసు నడుస్తోంది. గుంటకు జాలీ బిగించి తాళం వేశారు. బ్లోయరును అక్కడి నుంచి కదలకుండా సిమెంటు దిమ్మెకు బిగించారు. తాళం చెవి ఆమె మెడలో ఉంటోంది. పంపు తాత పని మానేశాడు. ఒకరోజు అమ్మ ఇంటికి పరామర్శకు వెళ్ళి, ఆమెను చూసి గుమ్మం దాటకుండానే వెనక్కి తిరిగాడు.

ఇంట్లో భర్త మాట్లాడటం లేదు. కట్టు కట్టిన చేత్తో చొక్కా గుండీలు పెట్టుకోలేడు కాబట్టి రోజూ ఆమె ముందు నిలబడక తప్పేది కాదు. ఒకనాడు ఆమె గుండీలు పెడుతుంటే గోడ వైపు చూస్తూ అన్నాడు.

"చెయ్యి నొప్పి కాదు నాకు. ఆరోజు నువ్వు చూసిన చూపు. ఇంట్లో దూరిన దొంగను చూసినట్టు చూశావు నన్ను."

"మిమ్మల్ని మీలా చూసి ఉంటే కొట్టలేకపోయేదాన్నండీ."

అతను చివరి గుండీ పెట్టేదాకా కదలకుండా నిలబడ్డాడు.

కొన్నాళ్ళకు అమ్మ వచ్చింది. చెప్పులు విడిచి, నీళ్ళు ఇస్తే తాగకుండా పక్కన పెట్టి, అడగాలనుకున్నది సూటిగా అడిగింది.

"వాడికి నొప్పి తెలిసిందా?"

"లేదమ్మా. అడుగున ఆ గాలి రెండు ఊపిర్లు పీలిస్తే చాలు, తెలివి ఉండదు."

"నిజం చెప్తున్నావా, నా మనసు కోసమా?"

"నిజమే." ఎవరికీ చెప్పనిది చెప్పింది. "ముసలాయన్ని తన్ని కిందకు తోసేద్దామనుకున్నానమ్మా. కాలు కూడా ఎత్తాను."

అమ్మ ఆమె కళ్ళలోకి చూసింది. "తోసి ఉంటే?"

"వాడు అప్పటికే పోయాడు. ఇద్దరూ పోయేవాళ్ళు."

"తోయాల్సింది" అంది అమ్మ. గొంతులో కోపం కూడా లేదు. చెయ్యి చాచి కూతురి గడ్డం పట్టుకుని, ముఖం వెలుతురు వైపు తిప్పి చూసింది. "ఆ పన్ను కట్టించుకో. చూడలేకపోతున్నా." అని నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

పాఠాలు మళ్ళీ మొదలుపెట్టిన రోజు ఉప్పు గోదాములో ఎవరూ నవ్వలేదు. ఎవరూ కూర్చోలేదు కూడా. జాగ్రత్తమ్మ వాళ్ళను యార్డులోకి నడిపించి, జాలీ వేసిన గుంట చుట్టూ నిలబెట్టింది.

"ఇన్నాళ్ళూ దిగొద్దు, దిగొద్దు అని మాత్రమే చెప్పాను. అది చాలదు. కళ్ళ ముందు సొంతవాడు పడిపోతే పాఠం ఎవరికీ గుర్తుండదు. నా తమ్ముడు నా పాఠాలన్నీ విన్నాడు, అయినా దిగాడు. అందుకని ఇవాళ దిగకుండా ఉండటం కాదు, దిగేవాణ్ణి ఆపడం నేర్చుకుందాం. మీలో అన్నదమ్ములెవరు? తండ్రీ కొడుకులు? తోడికోడళ్ళు? మీరు ముందు రండి."

ఎవరూ కదలలేదు. డ్రమ్ముల దగ్గరవాడు, పిక్కల మీద దెబ్బ తిన్నవాడు, గొంతు సవరించుకున్నాడు. "ఉత్తుత్తిగా ఆపాలా, నిజంగానా?"

"నిజంగా. వాడు నిన్ను తంతాడు, కొరుకుతాడు, తిడతాడు. వాడి బలం అప్పుడు పదింతలవుతుంది. ఒక్కడివల్ల కాదు, ముగ్గురు కావాలి. ఒకరు కాళ్ళు, ఇద్దరు భుజాలు. కింద పడేసి మీద కూర్చోవాలి. ఏడుస్తాడు. వదలకూడదు."

గుంపు వెనక నుంచి ఆమె భర్త ముందుకు వచ్చాడు. కట్టు విప్పి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు, చెయ్యి ఇంకా సన్నగా పాలిపోయి ఉంది. బూట్లు విప్పి పక్కన పెట్టాడు.

"నేను పరిగెత్తుతాను" అన్నాడు. "ఆపండి."

ఆమె ఏదో అనబోయింది. అతను అప్పటికే పరుగు అందుకున్నాడు. వేషం కాదది. పళ్ళు కరుచుకుని, తల వంచి, ఎద్దులా గుంట మీదకు వస్తున్నాడు. అడ్డం వచ్చిన మొదటివాణ్ణి భుజంతో కొట్టి పడేశాడు. రెండోవాడి ముఖం మీద అరచెయ్యి పెట్టి తోశాడు. జాగ్రత్తమ్మ ఎదురు వెళ్ళి నడుము పట్టుకుంది. ఇద్దరూ కలిసి నేల మీద పడ్డారు. అతను పాకుతున్నాడు. "బావమరిదిరా! నా బావమరిది!" అని అరుస్తున్నాడు. సున్నం తొట్ల ఆడవాళ్ళిద్దరు వచ్చి అతని భుజాల మీద కూర్చున్నారు. పిక్కల మీద దెబ్బ తిన్నవాడు కాళ్ళు పట్టుకున్నాడు. అతను ఇంకా పెనుగులాడుతూనే ఉన్నాడు. ఆడవాళ్ళలో ఒకామె ఏడుస్తూ, "వదిలెయ్యమంటావా అక్కా?" అంది.

"వద్దు" అంది జాగ్రత్తమ్మ, అతని నడుము వదలకుండానే. "ఇంకాసేపు పట్టుకోండి."